వెనక నడిచినవాళ్లు

అక్కా,

ఫోనులో నువ్వు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. గుండె ఆపరేషనై ఇరవై రోజులైంది. కుట్లు మానుతున్నాయి. మీ ఇంటికి వచ్చేయమన్నావు. కోపం తెచ్చుకోకు, ఇప్పుడే రాలేను.

మా బైకు రేసుల వాళ్లంటే నీకు మొదటినుంచీ గిట్టదు. నా తొలి పోటీ రోజున బండి తాళం బియ్యం డబ్బాలో దాచావు. చివరికి ఏడుస్తూ నువ్వే తీసిచ్చావు, గుర్తుందా? ఆ మట్టి ట్రాకు ఇప్పుడు లేదు, గోదాములు కట్టేశారు. ఆ వైపు వెళ్తే నాకు ఇంకా పెట్రోలు వాసన వస్తున్నట్టే ఉంటుంది. అప్పుడు నాతో పోటీపడ్డవాళ్లందరికీ జుట్టు నెరిసింది.

ఆపరేషనైన ఐదో రోజు డాక్టరమ్మ వరండా చివరిదాకా నడవమంది. గది గుమ్మం దగ్గరే ఆగి, నా వల్ల కాదన్నాను. మర్నాడు అప్పట్లో నా బండి బాగుచేసిన మెకానిక్ ఆ పాత రేసుల వాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చాడు. "మేమూ నడుస్తాం, లేవరా," అన్నాడు. ఒకప్పుడు పోటీలో మలుపు దగ్గర నన్ను పక్కకు నెట్టి కప్పు ఎగరేసుకుపోయిన బక్కోడు కూడా వచ్చాడు, చేతికర్రతో.

"ఒరేయ్, ఇవాళ నువ్వే ముందు," అన్నాడు.

గోడ పట్టుకుని అడుగులో అడుగు వేశాను. ఊపిరి అందక నాలుగుసార్లు ఆగాను. ఆగినప్పుడల్లా వెనక చెప్పుల చప్పుడు కూడా ఆగేది. ఇంటికొచ్చాక మా వీధిలోనూ రోజూ పొద్దున్నే ఇదే వరస. ప్రాణం పోయినా ఒకరికొకరు దారివ్వని మనుషులు వాళ్లు. ఇంతవరకు ఒక్కడూ నన్ను దాటలేదక్కా.

నీ తమ్ముడు