వెనక చక్రం చప్పుడు

2001 జులై, గురువారం.

గాజువాకలో సూరిబాబు షెడ్డులో నా పాత బండికి వెనక వెడల్పు చక్రం, లావు టైరు వేయించాను. మూడు రోజులు ఇద్దరం కొలతలు తీశాం. "సూడు బావ, మడ్‌గార్డు కింద ఏలు దూరేంత ఖాళీ ఉంది" అన్నాడు. ఒక్కణ్ణే తోలి చూశాను, బాగుంది.

సాయంత్రం లక్ష్మిని దువ్వాడలో పుట్టింటికి తీసుకెళ్తుంటే, తను ఎక్కిన దగ్గర్నుంచీ టైరు గరగరమని రాసుకుంటోంది.

"ఏటా సప్పుడు?" అంది.

"నువ్వెక్కితే తగుల్తంది" అన్నాను ఆలోచించకుండా.

"అయితే కొలిసినప్పుడు నాను గుర్తు రానేదేటి?"

బండి ఆపించి, దిగి, షేర్ ఆటో ఎక్కింది. ఖాళీ బండితో ఆటో వెనకే వెళ్లాను. దారంతా చప్పుడే లేదు.

పాత చక్రం రేపే వేయించేస్తాను. అది గంట పని. ఆ తర్వాత తనని ఎక్కమని ఏ మొహం పెట్టుకుని అడగాలో...