ఓక్వుడిలి తాత ఆచూకీ దొరకలేదని జవాబివ్వమని

నిన్న ఇంగ్లీషులో రాసిన కాగితం కుదరక పొయ్యిలో పెట్టేశాను. మళ్ళీ మొదట్నుంచి రాస్తున్నా.

యుద్ధంలో పోయినవాళ్ల వివరాలు చూసే ఆఫీసరు గారికి,

అయ్యా,

విషయం: నైజీరియా నుంచి విడిపోవాలని పోరాడిన బయాఫ్రా సైన్యంలో సిపాయిగా పనిచేసి పోయిన మా తాత ఓక్వుడిలి గురించి మా నాన్న పెట్టుకున్న దరఖాస్తుకి "ఏమీ దొరకలేదు" అని జవాబు ఇప్పించుట గురించి.

తమ సమక్షానికి విన్నవించుకునేది ఏమనగా, ఇంగ్లీషులో అయితే తప్పుల్లేకుండా రాస్తాను, స్కూల్లో అదే నేర్పారు. కానీ నానమ్మ చెప్పిన మాటలు ఇంగ్లీషులోకి రావట్లేదు. ఇంట్లో మాట్లాడినట్టే రాస్తున్నా, మన్నించగలరు.

1. మా నానమ్మ వానలకి ముందే చనిపోయింది. ఇంకా ఆస్పత్రి మార్చురీలోనే ఉంది. తాతకి కర్మ జరగలేదు కాబట్టి ఆమెకి జరపడానికి వీల్లేదని మా వంశపెద్ద ఎజెన్వా ఆపేశాడు. అందరి ముందూ నాన్నతో అన్నాడు: "మొగుడింకా దారిలోనే ఉంటే పెళ్ళానికి డప్పెట్లా కొట్టేదిరా? ముందు మీ అయ్య ఎట్లా పోయాడో తేల్చుకురా."

2. సదరు పెద్దలు తీర్మానించినది: శత్రువు తూటాకి పోయాడని తేలితే, శవం లేకపోయినా, అరటి బోదెకి గుడ్డ చుట్టి తాత పేరున పూడుస్తారు. ఎక్కడా ఏమీ దొరక్కపోయినా అంతే. తర్వాత పక్కనే నానమ్మని. కానీ సైన్యం నుంచి పారిపోయి సొంతవాళ్ల చేతిలో చచ్చినవాడైతే ఇద్దరికీ మా మట్టిలో చోటుండదు. తమరి జవాబు వచ్చేదాకా ఆగుతామన్నారు.

3. దరఖాస్తు నాన్న చెప్తుంటే రాసింది నేనే. ఆయన చదువు చిన్నప్పుడే మెకానిక్ షెడ్డులో ఆగిపోయింది. తాత పేరు తప్పు రాసేద్దామా అనుకున్నా. నాన్న నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. రాయలేకపోయా.

4. ఇది నాకు తప్ప ఎవరికీ తెలీదు. మంచంలో ఉన్నప్పుడు ఒళ్లు తుడుస్తుంటే నానమ్మ నాకు చెప్పింది. మొగుడొస్తాడని ఇన్నేళ్లూ వాకిట్లో కూర్చుందని ఊరంతా ఆమెని పిచ్చిది అనేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆమె ఎదురుచూడలేదయ్యా. కర్మ చేస్తే ఎట్లా పోయాడని అడుగుతారు కదా, అందుకని ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది.

"మీ నాన్న పుట్టాడని తెలిసి మీ తాత వచ్చేశాడే. సెలవెవరిస్తారు? వాడి అరికాలు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు, తినమన్నా తినలా. వాళ్ల సిపాయిలే వచ్చి తీసుకుపోయారు. యేటి అవతల తుపాకీ పేలింది. నేను పాలిస్తూ ఉన్నా. పిల్లాడు ఉలిక్కిపడి మళ్ళీ తాగాడు. వాడికి మాత్రం చెప్పకు."

5. కావున ఆ సంగతి తమ రికార్డుల్లో ఉన్నా లేనట్టే జవాబివ్వవలసిందిగా ప్రార్థన. ఆఫీసరుని అబద్ధం రాయమనడం తప్పని తెలుసు. మా నాన్న షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ వాళ్లయ్య ఒక్కడే నిలబడి యుద్ధం చేశాడని చెప్పుకుంటాడు. తనని చూడ్డానికొచ్చి పోయాడని తెలిస్తే ఏమైపోతాడో అని నాకు నిద్ర పట్టట్లేదు.

6. తాతని ఎక్కడ పూడ్చారో తెలిస్తే అది మాత్రం నాకొక్కదానికే చెప్పండి, స్కూలు అడ్రసుకి. నేను చూసి వచ్చేస్తా. ఎవరికీ చెప్పను.

ఈ మొర చిత్తగించి, మా ముసలివాళ్లిద్దరికీ ఒక్కచోట మట్టి దక్కనివ్వవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
చినెలో

తా.క. అబద్ధం రాయడం కుదరకపోతే అసలు జవాబే ఇవ్వకండి అయ్యా. ఎన్నాళ్లయినా పర్లేదు, మేం అడగం. నాన్నకి నేనేదో ఒకటి

తలుపు కొడుతున్నారు. నాన్నే. తమ ఆఫీసు నుంచి కవరొచ్చిందంట. ఎజెన్వా, మిగతా పెద్దలూ అప్పుడే వాకిట్లో కూర్చున్నారంట. ఎవరినీ విప్పనివ్వలేదంట, మా అమ్మాయే చదవాలన్నాడంట.

"రా తల్లీ, గట్టిగా చదవాలి. ఆస్పత్రిలో పడుకున్న మా అమ్మకి కూడా వినపడాలి," అంటున్నాడు. గొంతులో నవ్వుంది.

వస్తున్నా నాన్నా అన్నాను. ఈ కాగితాలు పరుపు కింద