కుదుపు లేని వంతెన

బాబాయ్,

ఈ ఉత్తరం అమ్మకి చూపించొద్దు, ప్లీజ్. చదివాక చింపేయ్. నా తెలుగు చూసి నవ్వకు.

కొత్త వంతెన తెరిచాక మా స్కూల్ బస్సు దాని మీంచే వెళ్తోంది. నేను ముందు స్టాప్‌లోనే దిగిపోయి, పాత వంతెన మీద నడిచి వెళ్తున్నా. రోజూ లేటే. సోమవారం కూడా లేటైతే అమ్మని స్కూల్‌కి పిలిపిస్తామన్నారు. ఎందుకో తెలిస్తే అమ్మ మళ్ళీ అన్నం మానేస్తుంది.

వంతెన పలకల మధ్య అతుకుల్లో పోసే ఆ గట్టి కాంక్రీటు గురించి నాన్న ఎంత గొప్పలు పోయేవాడో నీకు తెలుసుగా, పక్కనే పనిచేశావు. చొక్కా నిండా అందులో కలిపే సన్నటి ఉక్కు పోగులతో ఇంటికొచ్చేవాడు. "నా అతుకు దాటినట్టు నీకు తెలియనే తెలియదే పిచ్చిమొద్దూ, బస్సులో నీ నిద్ర కూడా చెడదు. నీ మనవలు కూడా దీని మీదే తిరుగుతారు," అనేవాడు. ఆఖరి అతుకు పోస్తూ అక్కణ్ణించే కింద పడిపోయాడు.

నా భయం అదే బాబాయ్. బస్సు నిజంగానే కుదపదట. నాన్న పడిన చోటు దాటిపోయినా నాకు తెలియదు.

ఆదివారం నన్ను నడిపించుకుని తీసుకెళ్ళి ఆ అతుకు ఏదో చూపించవా? ఒక్కసారి చెయ్యి ఆనించి చూస్తా. సోమవారం నుంచి బస్సులోనే వెళ్తా, ఒట్టు. అది కుదపకపోయినా, అక్కడికి రాగానే నేను లేచి నిలబడతా.