రెండో చరణం నాది

వెస్ట్‌మీడ్, సిడ్నీ
1999 అక్టోబర్ 4

ఒరేయ్ యోగా,

మెడనొప్పి తగ్గిందా? ఫోన్ చేయొచ్చు కదా, ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో చెబితే నువ్వు నవ్వేస్తావు. నువ్వు నవ్వితే నేనూ నవ్వేస్తాను, కాలేజీ నుంచీ అదే అలవాటు. ఈ విషయంలో నవ్వకూడదని కాగితం పట్టుకున్నాను.

దీపావళికి నిన్ను పిలిపించి సినిమా కవిగా శాలువా కప్పాలని మా తెలుగు సంఘం తీర్మానించిన సంగతి నీకు తెలుసు. అదే మీటింగులో దానికి ముందు ఇంకో తీర్మానం చేశాం. అమెరికా నుంచి ఒక ర్యాప్ పాటగాడు జనవరిలో ఇక్కడికి కచేరీకి వస్తున్నాడు. వాడి పాటల్లో ఆడవాళ్ళను కొట్టడం, ఈడ్చడం తప్ప మరో మాట ఉండదు. వాడికి వీసా ఇవ్వొద్దని మంత్రికి అర్జీ పెట్టాలనుకున్నాం. రాజారావు అంకుల్ ఒక్కడే "మరి మన సినిమా పాటల మాటేంటయ్యా?" అన్నాడు. "అంకుల్, మనది సరసం, వాడిది బూతు" అని నేనే ఆయన నోరు మూయించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో తెలుగు గంట నడిపేది కూడా నేనే కాబట్టి, అక్కడ వాడిని అరగంట సేపు ఉతికి ఆరేశాను. వెంటనే "ఇప్పుడు నా ప్రాణస్నేహితుడు రాసిన హుషారైన పాట" అని నీ జడ పాట వేశాను. నాకేమీ తేడాగా అనిపించలేదు.

సుగుణ గుర్తుందా? మన డిగ్రీ క్లాసులో, మోకాళ్ళ దాకా జడ. మనం నోట్సు అడిగితే ఇవ్వలేదని కాలేజీ యానివర్సరీకి ఆమె మీద పాట కట్టాం. పల్లవి, మొదటి చరణం నీవి. "జడ పట్టి గుంజితేనే జవాబిచ్చే చినదానా" అనే రెండో చరణం నాది. నా చేతిరాతతోనే నోటీసు బోర్డుకి అంటించాం. ఆ తర్వాత ఆమె కనిపిస్తే చాలు, కారిడార్ పొడవునా అదే పాట. ఒకడెవడో నిజంగానే జడ పట్టుకుని గుంజాడు. మనం అక్కడే ఉన్నాం. వారం తర్వాత ఆమె గుండుతో వచ్చింది. తిరుపతి మొక్కు అంది. మనం నమ్మేశాం, అలా నమ్మడం మనకు హాయిగా ఉంది. ఆరేళ్ళకు నువ్వు ఆమె పేరు తీసేసి అదే పాట సినిమాకి ఇచ్చావు. రెండో చరణంలో అక్షరం మారలేదు.

ఆమె ఇప్పుడు ఇక్కడే, మా పక్క బ్లాకులో అద్దెకుంటోంది. హాస్పిటల్లో రీసెర్చ్ చేస్తుంది. మూడేళ్ళుగా మా ఆవిడ కాత్యాయనికి ఆమె ఒక్కరోజు కనబడకపోతే తోచదు. మా వైశాలికైతే సుగుణ ఆంటీ ఏం చెబితే అదే. జుట్టు ఇప్పటికీ భుజం దాటనివ్వదు. ఆ పాట సంగతి ఎన్నడూ ఎత్తలేదు. అంతా మరిచిపోయిందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

అర్జీ కాగితాలు మా ఇంట్లోనే పెట్టాం. మొదటి సంతకం ఆమెదే, ఆ సంగతి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. సంతకం పక్కన "మీ అభ్యంతరానికి కారణం" అని ఒక గడి ఉంది. తెలుగులో రాసినవాటిని ఇంగ్లీషులోకి మార్చి టైపు చేయడం నా వంతు. మొన్న శనివారం కూర్చున్నాను. చాలామంది "పిల్లలు పాడైపోతారు" అని రాశారు. సుగుణ గడిలో ఇలా ఉంది: "ఇలాంటి పాట ఒకటి నా మీదా కట్టారు. రెండో చరణం ఎవరు రాశారో నాకు తెలుసు."

ఇంకొక్క అక్షరం టైపు చేయలేకపోయాను. పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఎవరో ఎప్పుడో వదిలేసిన తప్పులు వెతికి సరిచేయడమే ఏడాదిన్నరగా నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖులు తప్పకుండా, డిసెంబరు ముప్పై ఒకటిలోగా అన్నీ దొరకాలి. నేను వదిలేసినదాన్ని మాత్రం ఎప్పుడూ వెతకలేదు.

వైశాలి దీపావళికి డాన్సు నేర్చుకుంటున్నది ఏ పాటకో చెప్పక్కర్లేదు. కిందటి వారం సుగుణ దానికి జడలు వేస్తుంటే టేపు పెట్టింది. రెండో చరణం దగ్గర సుగుణ చేతులు ఆగిపోయాయి. "ఆంటీ, వై డిడ్ యూ స్టాప్?" అంది మా పిల్ల. "ఏం లేదమ్మా, చిక్కు పడింది" అని ఆమె మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. నేను సోఫాలో పేపరు చదువుకుంటున్నాను. నాకు చాలా సిగ్గుగా ఉందిరా.

వచ్చే ఆదివారం ఇదంతా రేడియోలో చెప్పేస్తానన్నాను. కాత్యాయని "ముందు సుగుణని అడగండి. మళ్ళీ ఆమెని పది మంది నోళ్ళల్లో వేయకండి" అంది. ఎదురుగా అడిగే ధైర్యం లేక చీటీ రాసి ఆమె లెటర్ బాక్సులో వేశాను. "నా పేరు వద్దు. మిగతాది మీ ఇష్టం" అని జవాబు రాసింది.

నీ పేరు కూడా చెప్పను. అయినా పాట పేరు చెబితే నీ పేరు చెప్పినట్టే. శాలువా పోతుంది. మన స్నేహం కూడా పోతుందేమో, పోతే నేను తట్టుకోలేను. ఇది నీకు అందేసరికి చెప్పేసి ఉంటాను. నువ్వు వస్తే మా ఇంట్లోనే దిగు. ఆ పాట మాత్రం పాడకు.

నీ
రాధాకృష్ణ


వెస్ట్‌మీడ్
1999 నవంబర్ 2

రాధాకృష్ణ గారికి,

పక్క బ్లాకులో ఉండి ఉత్తరం రాయడం చోద్యంగానే ఉంది. ఈ మూడు వారాలుగా ఎదురుపడితే మీరు నేల చూస్తున్నారు. నేల చూసే మనిషితో మాట్లాడటం నాకు చేతకాదు.

ఆ ఆదివారం మీ ప్రోగ్రాం హాస్పిటల్ కార్ పార్కులో, కార్లోనే కూర్చుని విన్నాను. "ఆ చరణం రాసింది నేనే" అన్నాక మీరు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రేడియో పాడైందేమోనని సౌండు పెంచాను. అప్పుడు మీ దగ్గు వినిపించింది. దాంతో నాకు ఏడుపొచ్చింది. కాలేజీలో ఒక్కసారి కూడా ఏడవలేదు.

రేడియోలో మీరు చెప్పినదాంట్లో ఒక్క మాట సరిచేయాలి. గుండు నేను చేయించుకున్నది కాదు, మా అమ్మ చేయించింది. జడ ఉంటేనే కదే లాగుతారు అంది. తిరుపతి కూడా వెళ్ళలేదు, మా వీధిలోనే అయిపోయింది. ఇప్పుడు పొట్టి జుట్టు నాకు ఇష్టమే. దాని గురించి మీరు బాధపడకండి.

ఆ అమెరికా అతని పాటలు నేనూ విన్నాను. అసహ్యంగానే ఉన్నాయి. కానీ అతను తిడితే తిట్టాడని అందరూ ఒప్పుకుంటారు. మీ పాటకైతే పెళ్ళిళ్ళలో నేను కూడా చప్పట్లు కొట్టాల్సి వచ్చింది.

మీ స్నేహితుడు హైదరాబాదు నుంచి నాకో ఉత్తరం రాశారు. శాలువాకి రావడం లేదని, మీతో మాత్రం గంటసేపు ఫోన్లో మాట్లాడారని కాత్యాయని చెప్పింది. ఆయన కవరు ఇంకా విప్పలేదు. విప్పాలనిపించిన రోజు విప్పుతాను.

వైశాలికి వేరే పాట వెతికి పెట్టాను. దీపావళి రోజు మూడింటికి వస్తాను, జడలు నేనే వేస్తాను. పూలు మీరు తెప్పించండి.

అర్జీ ఇంకా పంపలేదట కదా. పంపండి. నా పేరు మాత్రం కొట్టేయండి. ఆ గడి నేను మంత్రిగారి కోసం నింపలేదు. ఇంగ్లీషులోకి మార్చేది మీరేనని తెలిసే తెలుగులో రాశాను.

సుగుణ