క్యాలెండరు కాగితం వెనకవైపు

జూన్ 3

ప్రెస్సులో వచ్చే ఏడాది డైలీ క్యాలెండరు పని మొదలైంది. రోజుకో కాగితం, చింపి పారేసేది. ముందువైపు తేదీ. వెనకవైపు ఒక ఇంగ్లిషు మాట, చరిత్రలో ఒక సంగతి, ఒక జనరల్ నాలెడ్జి ప్రశ్న. ఈసారి అవి రాసేదెవరో ఓనరు ఇవాళ చెప్పాడు. మాస్టారట. ఊళ్లో అంత తెలిసినవాడు ఇంకొకడు లేడట.

నాకు చెప్పాలా! ఆరేళ్లు ఆయనకు పెళ్లాంగా ఉన్నాను. బయటికొచ్చి ఎనిమిదేళ్లు.

జూన్ 4

ఓనరుకి ఆ సంగతి చెప్పలేదు. చెబితే ప్రూఫు పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. మాస్టారి రాత నా చేతికింద పడే అవకాశం మళ్లీ రాదు.

జూన్ 9, మధ్యాహ్నం

జనవరి కవరు వచ్చింది. చేతిరాత ఆయనది కాదు. గుండ్రంగా, ఒద్దికగా ఉంది. తను చెబుతూ ఎవరి చేతనో రాయిస్తున్నాడు కాబోలు. పెద్దమనిషయ్యాడు.

తప్పులు మాత్రం కావలసినన్ని. ఒంట్లో ఎముకలు 206 అయితే 260 అని ఉంది. చంద్రుడి మీద మనిషి దిగిన 1969ని 1996 చేశారు. 'బాధ'ని 'భాద' అని రాశారు, మూడు చోట్ల.

భాద! ఈ ఒక్క మాటకి నా అరచెయ్యి ఎన్నిసార్లు వాచిందో. పొద్దున్నే కంచం ముందు కూర్చోగానే ప్రశ్న వేసేవాడు. జవాబు చెబితేనే తిండి. చుట్టాలొస్తే నా చేత పలక మీద రాయించి, మా ఆవిడ పాండిత్యం చూడండి అని నవ్వించేవాడు.

పేజీలన్నీ ఎర్ర సిరాతో నింపేశాను. శుభ్రంగా రాసి మళ్లీ ఇవ్వాలని తిప్పి పంపాను. మార్జిన్లో ఇంకో ముక్క తగిలించాను: 'రాసినవారికి ఒత్తులు రావు. మొదటినుంచీ నేర్చుకుని రావలెను.' ఒకప్పటి ఆయన మాటే అది, పొల్లుపోకుండా. తరవాత రెండు కప్పుల టీ తాగాను. బాగుంది.

జూన్ 17

ఫిబ్రవరి కవరు. తప్పులు తగ్గలేదు. నేనూ తగ్గలేదు.

మాస్టారు ఫోన్లో మండిపడ్డాడట, దిద్దేదెవరని. మా ప్రూఫ్‌రీడరు చండశాసనురాలు సార్, నేనే భయపడతాను అన్నాడట ఓనరు.

జూన్ 26

మార్చి. మాటల కింద ఇచ్చే ఉదాహరణలు తేడాగా ఉన్నాయి.

సైలెన్స్, నిశ్శబ్దం: 'ఆయన చెప్పుల చప్పుడు వినగానే ఇల్లు నిశ్శబ్దమైంది.'

హంగ్రీ, ఆకలిగా: 'జవాబు రాలేదు కాబట్టి ఆమె ఆకలిగా ఉంది.'

దిద్దేది నేనేనని తెలిసిపోయినట్టుంది. వెక్కిరిస్తున్నాడు. ఎనిమిదేళ్ల తరవాత కూడా, కవరు చాటు నుంచి కూడా! కాగితం చిరిగేదాకా గీతలు కొట్టాను.

జూలై 5

ఏప్రిల్ కవరు. రాత వంకరపోయింది, ఎడమచేత్తో రాసినట్టు.

స్వెల్, వాచు: 'దిద్దిన తప్పులు ముప్పై ఒకటి. అందుకే చెయ్యి వాచింది.'

మార్చి పాత కాగితాలు కూడా అదే కవరులో తిరిగొచ్చాయి. నా ఎర్ర గుర్తులు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

ఆవిడ. నా తరవాత ఆయన చేసుకున్న ఆవిడ. రాస్తున్నది ఆవిడే. ఉదాహరణలు ఆవిడ సొంతం.

అదే రోజు, సాయంత్రం

ఇన్నాళ్లూ ఆయన్ని కొడుతున్నాననే సంబరంలో ఉన్నాను.

జూలై 6

ఏప్రిల్ కాగితాలు జిరాక్సు తీసి, తప్పులు దాని మీద దిద్దుకున్నాను. అసలువి ఒక్క ఎర్ర గీత లేకుండా తిరిగి పంపాను. ఎర్ర గీతలు లేకపోతే ఆయన తిరగెయ్యడు. చివరి కాగితం మీద పెన్సిలుతో చిన్నగా రాశాను. షెల్టర్, ఆశ్రయం: 'ప్రెస్సు వెనక వీధి. మందులషాపు మీద గది. తలుపు నేను తీస్తాను.'

జూలై 14

మే కవరు రాలేదు.

జూలై 15

రాలేదు.

జూలై 16, ఉదయం 11

వచ్చింది. మే కాగితాలు పట్టుకుని మనిషే వచ్చింది. నాకంటే పొడుగు. కుడిచేతికి కట్టు. ఏడుస్తుందేమో, ఎలా ఓదార్చాలా అని చూస్తున్నాను. నిలువునా కడిగేసింది.

మిమ్మల్ని అక్కా అని పిలవనని ముందే చెప్పింది. బయటపడ్డారు కదా, పడ్డాక ఊరుకోకూడదా, మీ కసి తీర్చుకోవడానికి నా చెయ్యే దొరికిందా అని అడిగింది. రాసేది మీరని తెలియదన్నాను. ఆ ఇంట్లో రాసేదెవరో, దెబ్బలు తినేదెవరో మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందంది.

వెనక వీధికి తీసుకెళ్లాను. గది చూపించాను. తలుపు నా ముఖం మీదే వేసుకుంది. నా గది తలుపు.

జూలై 18

మాస్టారు ప్రెస్సుకొచ్చాడు. జుట్టుకి రంగేశాడు. నన్ను చూసి తెల్లబోయి, వెంటనే తేరుకున్నాడు. ఓహో, దిద్దేది నువ్వా, 'బాధ' రాయడం వచ్చిందా ఇప్పటికైనా అన్నాడు. ఓనరు నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. మా ఆవిడ ఇటు వచ్చిందా అని అడిగాడు మాస్టారు.

ఒకప్పుడు ఆయన ప్రశ్న వేస్తే జవాబు చెప్పి తీరాలి. ఇవాళ పెన్నుకు మూత పెట్టి, జవాబు తెలుసు, చెప్పను అన్నాను.

ఆయన చెయ్యి లేచింది. ఓనరు కుర్చీ తన్నుకుంటూ వచ్చి మధ్యలో నిలబడ్డాడు. మీ చరిత్ర మాకొద్దు సార్, దయచేయండి అన్నాడు. గుమ్మం దాటేవరకూ మాస్టారు ఓనరు మాటల్లో తప్పులు దిద్దుతూనే ఉన్నాడు.

జూలై 30

క్యాలెండరు రాసే పని ఓనరు ఆవిడకే ఇచ్చాడు. జూన్ కాగితాల్లో నాలుగు తప్పులు పట్టాను. ఒప్పుకోలేదు. డిక్షనరీ తెచ్చి నా ముందు పడేసింది. ఒకటి నా తప్పే.

నేను ఆవిడకు నచ్చను. ఆవిడా నాకు నచ్చదు. పైగా ఆవిడకి గురక ఒకటి.

గదికి రెండో తాళంచెవి చేయించాను.