కొంగు లాగే కుక్క

నాన్నా,

పిలిస్తే పలకనని, అదంతా మద్రాసు చదువు పొగరని అమ్మ అంటోంది. చలిజ్వరానికి మింగిన క్వినైన్‌తో నా చెవులు పోయాయని తెలిసినవాడివి నువ్వొక్కడివే, నువ్వూ పోయావు. చెవిటిదాన్ననిపించుకోవడం కంటే పొగరుబోతుననిపించుకోవడమే నయమని ఊరుకున్నాను.

ఎవరైనా పిలిస్తే నా కొంగు లాగాలని ఈమధ్య ఒక కుక్కకు నేర్పాను. ఈవేళ అమ్మతో వెళ్లిన పాడేరు సంతలో అది కొంగు లాగితే వెనక్కి తిరిగాను. పసుపుకొమ్ములు అమ్మే అవ్వ మాటలు ఆమె పెదవుల కదలికను బట్టి పోల్చుకున్నాను: "ఏటే గుంటా, అమ్మ పిలిత్తే పలకవు, కుక్క పిలిత్తే పలుకుతావేటి?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

సిగ్గుతో కుక్కను తన్నాను. అది కుంటుకుంటూ వచ్చి మళ్లీ కొంగు పట్టుకుంది. అమ్మ ఇంకా పిలుస్తూనే ఉందన్నమాట. దాని కళ్లలోకి చూడలేకపోయాను.

ఈ రాత్రికి అమ్మతో నాకు చెవుడని చెబుతాను. సోమవారం కుక్కను వెంటపెట్టుకునే బడికి పాఠం చెప్పడానికి వెళ్తాను.