అగ్నిపర్వతం ఎదుట అత్తాకోడళ్ళం

బ్నీద్ అల్ గార్, కువైట్
శనివారం ఉదయం

శ్రీవారికి, మీ సీత నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ నేను, అబ్బాయి శరత్, కోడలు ప్రజ్ఞ ముగ్గురం కులాసా. మీరూ కులాసాగా ఉన్నారనీ, కోర్టు నుంచి వచ్చి వేళకు తింటున్నారనీ నమ్ముతున్నాను. విజయవాడ నుంచి వచ్చిన శరత్ స్నేహితుడు మీ ఉత్తరమూ గోంగూర పచ్చడీ తెచ్చి ఇచ్చాడు. ఫోను ఉండగా ఈ కాగితం ఎందుకంటారా? ఫోనులో అయితే మొదటి మాటకే మీరు క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెడతారు. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు.

మీరు అడిగినవాటికి జవాబులు. మోకాలు బాగుంది. నిద్ర పడుతోంది. ఎండ ఇంకా ముదరలేదు కానీ దుమ్ము మాత్రం ఎంత తుడిచినా వదలడం లేదు. "బహ్రెయిన్‌లో ఏం చూశావు?" అని రాశారు. బహ్రెయిన్ వెళ్ళలేదండీ. చెబితే వద్దంటారని శరత్ చేత అలా చెప్పించాను. గ్వాటెమాలా వెళ్ళాను. అమెరికా ఖండాల మధ్యలో ఉన్న చిన్న దేశం. అక్కడ అకతెనాంగో అనే ఎత్తైన కొండ ఎక్కి, రాత్రి పైనే ఉండి, పక్క కొండ నిప్పులు కక్కుతుంటే చూసి వచ్చాను. కోప్పడేది ఉంటే కూర్చుని కోప్పడండి.

ఆ ప్రయాణం ప్రజ్ఞ పెట్టుకున్నది. తోడు రావలసిన స్నేహితురాలు మానుకుంది. భోజనాల దగ్గర ఆ మాట వస్తే, "నేనొస్తా" అన్నాను.

"అమ్మా, అది తిరుమల మెట్లు కాదు. పైన గాలి కూడా సరిగ్గా అందదు," అన్నాడు శరత్.

బాత్‌రూములో జారిపడ్డ నాటి నుంచీ మీరిద్దరూ నన్ను గాజుసామాను చూసినట్టు చూస్తున్నారు కదా. ప్రజ్ఞ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "రండత్తయ్యా. కానీ రేపట్నుంచీ లిఫ్టు ఎక్కకూడదు," అంది.

కువైట్‌లో కొండ ఎక్కడుంది? అంతా అరచెయ్యిలా చదును. మా బిల్డింగు మెట్లే మాకు కొండ. "లిఫ్టు బాగానే ఉంది మామా," అని మొదట్లో జాలిపడ్డ వాచ్‌మన్, తర్వాత్తర్వాత "యల్లా మామా, యల్లా!" అని చప్పట్లు కొట్టేవాడు. ఇక్కడ మామా అంటే అమ్మ, యల్లా అంటే పద పద అని. శుక్రవారాలు కబ్ద్ వైపు వెళ్ళి, వీపున బియ్యం సంచి కట్టుకుని ఎడారి ఇసుకలో నడిచేవాళ్ళం. పెళ్ళయ్యాక కోడలూ నేనూ అంతసేపు మాట్లాడుకున్నది ఆ ఇసుకలోనే.

మా ఇద్దరికీ కాపలాగా శరత్ కూడా బయలుదేరాడు. తీరా కొండమీద గుడారాలు చేరేసరికి వాడికే తలనొప్పి, వాంతులు. ఎత్తు పడలేదు. కంగారుపడకండి, మర్నాడు కిందికి దిగగానే రెండు పళ్ళేలు తిన్నాడు. మా గైడు ఎల్వియా, నా ఈడు మనిషే, వాడికి దుప్పటి కప్పి కూర్చోబెట్టింది. మబ్బు కమ్మి ఎదుటి కొండ కనపడలేదు. లోపల్లోపల ఉరిమినట్టు చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

తెల్లవారడానికి చాలా ముందే శిఖరానికి వచ్చేవాళ్ళను లేపారు. శరత్ "వద్దమ్మా" అన్నాడు. "నువ్వు పడుకో నాన్నా," అని తలకు లైటు కట్టుకున్నాను.

చివరి వాలంతా నల్లటి బూడిద. అడుగు వేస్తే సగం కిందికి జారిపోతాం. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. సగం దూరంలో ప్రజ్ఞ కూలబడింది.

"నావల్ల కాదత్తయ్యా. నా ఒళ్ళు ఏ పనీ సరిగ్గా చెయ్యదు."

అలసటతో అన్న మాటలా లేదది. పక్కనే కూర్చున్నాను. అప్పుడు చెప్పింది.

మీ ఉత్తరం అడుగున "కోడలికి విశేషమేమైనా ఉందా?" అని రాశారు. విశేషం రెండుసార్లు వచ్చి, నిలవకుండా పోయిందండీ. రెండోది నేను ఇక్కడికి రావడానికి కాస్త ముందే. మనం బాధపడతామని వాళ్ళిద్దరూ దాచుకున్నారు. మీకు రాయమని ప్రజ్ఞే చెప్పింది కాబట్టి రాస్తున్నాను.

నేనేం చేశానంటే, శరత్ కంటే ముందు ఏడో నెలలో మనకు పోయిన పాప సంగతి ఆమెకు చెప్పాను. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మీరు ఉయ్యాలను అటకెక్కించారు. ఆ తర్వాత ఆ మాట మీరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను ఏడుస్తానని మీరు, మీరు కుంగిపోతారని నేను. ఇన్నేళ్ళకు ఆ చీకట్లో నోరు విప్పాను.

"మరి ఎలా లేచారత్తయ్యా?" అంది.

"వెంటనే లేవలేదమ్మా. చాలా రోజులు అలాగే కూర్చున్నా, ఒక్కదాన్నే. నీ పక్కన నేనున్నాగా. నీకు లేవాలనిపించినప్పుడు లేద్దాం."

కాసేపటికి తనే లేచి నాకు చెయ్యి అందించింది.

శిఖరం చేరేసరికి మబ్బు మా కాళ్ళ కింద ఉంది. ఎదురుగా నల్లటి కొండ. ఉన్నట్టుండి దాని నెత్తిన ఎర్రటి నిప్పు లేచింది. చప్పుడే లేదు. నిప్పుకణికలు వాలు మీద దొర్లుతుండగా అప్పుడొచ్చింది మోత, రొమ్ము మీద గుద్దినట్టు. కాళ్ళ కింద నేల అదిరింది. "అమ్మా దుర్గమ్మా!" అని అరిచాను. ప్రజ్ఞ అయితే మాటలేమీ లేకుండా గొంతు చించుకుని అరిచింది. మళ్ళీ నిప్పు లేచింది, మళ్ళీ అరిచాం. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఎల్వియా వచ్చి, కుస్తీలో గెలిచిన పహిల్వాన్‌కి ఎత్తినట్టు మా ఇద్దరి చేతులూ పైకెత్తింది. చుట్టూ ఉన్న కుర్రకారంతా ఈలలు వేశారు!

దీనితో ఫోటో పంపుతున్నాను. మొహాలు బూడిద, పళ్ళు మాత్రం తెల్లగా కనపడుతున్నాయి. ఫ్రేము కట్టించి, మీ ఆఫీసు గదిలో క్లయింట్లకు కనపడేచోట పెట్టండి.

విశేషమా అని ఇక ఎవరమూ అడగవద్దు. చెప్పాలనుకుంటే ప్రజ్ఞే చెబుతుంది. మన పాప గురించి మీకు ఏమైనా చెప్పాలనిపిస్తే నాకు చెప్పండి. ఎన్నేళ్ళయినా నేను వింటాను.

కోర్టు సెలవులకు మీరు రండి. మనిద్దరం ఏదో ఒక కొండ ఎక్కుదాం, చిన్నదైనా సరే. ఇక్కడ మంచి బూట్లు దొరుకుతాయి. మీరు చెప్పే నంబరు ఎప్పుడూ సరిపోదు కాబట్టి, తెల్లకాగితం మీద నిలబడి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపండి. రెండు పాదాలూ.

ఇట్లు,
కొండెక్కి దిగి వచ్చిన
మీ అర్ధాంగి
సీతాలక్ష్మి